పెచ్చులూడిన గోడకు అతుకు వేయటం ఎట్లా?

వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. "కవితా? కథా?" అన్నారు. రెండూ నా చేత కావు, గోడకు గిలాబు చేయటం గురించి రాస్తానన్నాను. వాళ్ళు నవ్వారు. ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదివేవాడికి తాపీపనితో ఏం పని అని ఒకరు అడిగారు కూడా. కానీ మిత్రులారా, మనలో చాలామందిమి అద్దె గదుల్లో ఉండి చదువుకునే వాళ్ళమే. గది ఖాళీ చేసే రోజున ఇంటి యజమాని మొట్టమొదట చూసేది మన మార్కులు కాదు, గోడలు. ఆ గోడల మూలంగా అడ్వాన్సులో కోత పడినవారు ఈ పేజీ చదివే వారిలో తప్పక ఉంటారు. వారికీ, రేపు ఆ గతి పట్టబోయే వారికీ ఈ నాలుగు ముక్కలు ఉపయోగపడతాయని నా ఆశ.

మా గది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకూ సరూర్‌నగర్ చెరువుకూ నడుమ, పల్లంగా ఉండే ఒక కాలనీలో కింది అంతస్తు. నలుగురం కలిసి తీసుకున్నాం. అడ్వాన్సు 20,000 రూపాయలు. మేం చేరిన నాటికే పడమటి గోడ అడుగుభాగం మబ్బుపట్టిన ఆకాశంలా ఉండేది. పైన మాత్రం బాగానే ఉంది. ఆ పైభాగంలో మేం మా శక్తికొద్దీ మేకులు కొట్టాం. ఒకటి భారతదేశ పటానికి, ఒకటి బట్టల తాడుకు, ఒకటి అద్దానికి. లెక్క పెడితే 14 తేలాయి.

రెండో సంవత్సరం మే నెలలో గోడ అడుగున రంగు పొరలు లేచి, గట్టిగా ముట్టుకుంటే పెచ్చులు రాలటం మొదలైంది. యజమాని చూస్తే బాగుండదని మేమే రంగంలోకి దిగాం. కొత్తపేటలో ఒక హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి ఒక సంచి లప్పం, ఒక రేకు పట్టీ కొన్నాం. ఊడిన చోట దట్టంగా మెత్తి, గరకు కాయితంతో రుద్ది, తెల్ల రంగు వేశాం. మేకుల బొక్కల్లో మా మిత్రుడొకడు టూత్‌పేస్టు కూరాడు. నిజం చెప్పవద్దూ, ఆ రోజు గోడ పెళ్ళికొడుకులా మెరిసింది. మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

జూన్‌లో వానలు పడ్డాయి. మూడు వారాలు తిరగకుండానే మా లప్పం పూరీలా పొంగింది. ఒకనాటి రాత్రి పెద్ద పెళ్ళ ఊడి, పడుకున్నవాడి దిండు పక్కన పడింది. మర్నాడు యజమాని వచ్చి చూశారు. "మీరు మేకులు కొట్టీ కొట్టీ గోడంతా గుల్ల చేశారు. మొత్తం గిలాబు చేయించాలి. ఖాళీ చేసేటప్పుడు 12,000 పట్టుకుంటాను" అన్నారు. డిసెంబరులో మేం ఖాళీ చేయవలసి ఉంది. మాలో ఒకడు తన వంతు అడ్వాన్సు చేతికి వస్తే పరీక్ష ఫీజు కడదామని కూర్చున్నాడు. అందుచేత ఈ గోడ విషయం మాకు అలంకారానికి సంబంధించినది కాకుండా పోయింది.

కారణం తెలిస్తేనే వైద్యం

విజయవాడ వెళ్ళే రహదారి మీది ఎల్బీనగర్ చౌరస్తాకు పొద్దున్నే వెళ్తే, పనికోసం నిలబడిన మేస్త్రీలూ కూలీలూ కనపడతారు. ఆగస్టులో ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి ఒక పెద్దాయనను బతిమాలి తీసుకువచ్చాం. దేవరకొండ వైపు మనిషి. అరవై దాటి ఉంటాయి. మాలో నల్గొండ జిల్లావాడు "తాతా" అని పిలిచేసరికి ఆయన మెత్తబడ్డాడు.

ఆయన వచ్చీ రాగానే సంచిలోంచి తాపీ తీశాడు గాని గోడను గీకలేదు. తాపీ పిడితో గోడంతా ఠక్ ఠక్‌మని కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట శబ్దం ఖంగుమంటుంది. గిలాబు ఇటుకను వదిలేసిన చోట కుండ మీద కొట్టినట్టు బోలుగా వినపడుతుంది. దాన్నే వాళ్ళు "డొల్ల" అంటారు. డొల్ల ఉన్నంత మేరా సుద్దతో గీత గీశాడు. మా కంటికి కనపడిన గాయం రెండు చేతుల వెడల్పు. ఆయన గీసిన గీత ఆరడుగులు పోయింది. తర్వాత అరచేయి ఆనించి చూసి, తెల్లగా దూదిలా లేచిన పొడిని వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు.

"ఉప్పు బిడ్డా. గోడ లోపలికెళ్ళి తడుస్తుంది. మీరు పైన పౌడరేసిండ్రు."

గోడకు వచ్చే జబ్బులు ముఖ్యంగా మూడు రకాలని ఆయన మాటలను బట్టి నాకు బోధపడింది. మొదటిది వెంట్రుకవాసి బీటలు. గిలాబు ఆరేటప్పుడు కుంచించుకుపోవటం వలన వస్తాయి. ఇవి చర్మం మీది గీతల వంటివి, లప్పంతో పోతాయి. రెండోది దెబ్బ. మేకు, మంచం కోడు తగలటం వంటివి. ఆ మేరకు పూడ్చితే సరి. మూడోది చెమ్మ. దీనికి మాత్రం పైపూత పనికిరాదు. తడి ఎక్కడినుంచి వస్తున్నదో కనుక్కుని ఆపితే తప్ప ఏ అతుకూ నిలవదు.

చెమ్మకు గోడ ఎందుకు పెచ్చులూడుతుందన్నది మా శాస్త్రం చెప్పవలసిన సంగతి. ఇటుకలో కంటికి కనపడని సన్నని దారులుంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు అవి నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. ఆ నీటిలో సల్ఫేట్లు, క్లోరైడ్లు, నైట్రేట్ల వంటి లవణాలు కరిగి ఉంటాయి. గోడ ముఖం మీద నీరు ఆవిరైపోతుంది, లవణం మిగిలిపోతుంది. అది స్ఫటికంగా పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న గిలాబును నెడుతుంది. ఉదాహరణకు సోడియం సల్ఫేట్ నీటిని చేర్చుకుని స్ఫటికమైనప్పుడు ఇంచుమించు నాలుగింతల చోటు కావాలంటుంది. సందు లేనిచోట ఆ ఒత్తిడికి గిలాబు పగిలి పెచ్చుగా లేస్తుంది. అంతేకాదు, ఈ లవణాల్లో కొన్ని గాలిలోని తేమను కూడా లాక్కుంటాయి. అందుకే వానాకాలం రాగానే గోడ మళ్ళీ చెమరుస్తుంది.

మరి తడి ఎక్కడిది? మేస్త్రీ తాత ఇంటి వెనక్కి నడిచాడు. గోడకు ఆనుకుని పూలమొక్కల మడి ఉంది. తాపీతో రెండు చోట్ల తవ్వి చూసి మమ్మల్ని పిలిచాడు. ఇల్లు కట్టేటప్పుడు పునాది పూర్తికాగానే, నేల తడి పైకెక్కకుండా అడ్డంగా ఒక కాంక్రీటు పట్టీ వేస్తారు. బయటి నేల ఎప్పుడూ ఆ పట్టీకి కనీసం అరడుగు కిందనే ఉండాలి. ఇక్కడ ఆ పట్టీ జానెడు మట్టి కింద పూడిపోయి ఉంది! పట్టీని దాటి మట్టి నేరుగా ఇటుకకు నీళ్ళు తాగిస్తున్నదన్నమాట.

ఆ మట్టి కథ తర్వాత ఇంటావిడ చెప్పారు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోత వానకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలన్నీ మునిగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీళ్ళ ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయట. బీరువాలో ఉన్న అమ్మాయి సర్టిఫికెట్లు తడిసిపోయాయట. నీళ్ళు తీశాక పెరట్లో మేట వేసిన బురదను ఎత్తి పోయించటానికి మనుషులు దొరక్క, అక్కడే చదును చేసి పూలమొక్కలు పెట్టుకున్నారు. వరద నీళ్ళు అప్పుడే పోయాయి. అది తెచ్చిన మట్టి మాత్రం ప్రతి ఏడూ గోడను తడుపుతూనే ఉంది.

యజమానికి ఈ మాట ఎవరు చెప్పాలి? అద్దెకున్న వాళ్ళం చెబితే తప్పించుకోవటానికి అంటున్నామనుకుంటారు. అందుకని వాదించకుండా ఒక చిన్న ప్రయోగం చేశాం. ఎవరైనా చేసుకోవచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పు పారదర్శకమైన ప్లాస్టిక్ కాయితాన్ని గోడకు పెట్టి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించాలి. ఒక పగలూ రాత్రీ అట్లా ఉంచాలి. కాయితం పైవైపున తేమ కనపడితే అది గదిలోని గాలిది. లోపలివైపున, అంటే గోడవైపున నీటిబొట్లు పడితే అది గోడలోంచి వచ్చినది. మర్నాడు యజమానిని పిలిచి చూపించాం. పైన పొడిగా ఉంది, లోపల ముత్యాల్లా బొట్లు. ఆయన టేపు ఊడదీసి, బొట్లను వేలితో తుడిచి చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ వచ్చే ఆదివారం ఇద్దరు కూలీలు పెరట్లో మట్టి తవ్వుతుండగా మాకు మెలకువ వచ్చింది.

పని తీరు

మట్టి తీసిన వెంటనే గిలాబు చేసేస్తారని మేం అనుకున్నాం. తాత ఒప్పుకోలేదు. "వానలు తగ్గనీ. దసరా ఎల్లినంక వస్త" అని, డొల్ల గిలాబంతా ఉలితో కొట్టేసి వెళ్ళాడు. తడి మరక ఎంత ఎత్తు వరకు ఉందో, దానికి మరో అడుగు పైదాకా తీసేశాడు. ఇటుకల మధ్య వదులైన మాలును వేలిమందం లోతుకు గీకాడు. ఉప్పును పొడి బ్రష్షుతో దులపమని మాకు పని అప్పగించాడు. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది గదా! దులిపిన ఉప్పును ఊడ్చి బయట పారేయాలి. రెండు నెలలపాటు మేం ఎర్రటి ఇటుకల పక్కన పడుకుని చదువుకున్నాం. వారానికోసారి ఉప్పు దులిపేవాళ్ళం. ప్రతి వారమూ అది తగ్గుతూ వచ్చింది. మొత్తం వైద్యంలో అన్నిటికంటే ముఖ్యమైన మందు ఈ నిరీక్షణే.

దసరా వెళ్ళాక చేసిన పనిని వరుసగా చెబుతాను.

మొదట అంచులు. పాత గిలాబు అంచు పలచగా వాలుగా ఉండకూడదు. నిటారుగా, వీలైతే లోపల కాస్త వెడల్పుగా ఉండేట్టు చెక్కాలి. అప్పుడు కొత్త మాలు ఆ గాడిలో ఇరుక్కుని కూర్చుంటుంది.

తర్వాత తడపటం. పొడి ఇటుక మీద మాలు వేస్తే అది మాలులోని నీటిని గుటుక్కున తాగేస్తుంది. సిమెంటు గట్టిపడేది ఎండటం వలన కాదు, నీటితో రసాయనిక చర్య జరపటం వలన. నీళ్ళు చాలకపోతే ఆ చర్య సగంలో ఆగి, మాలు ఇసుకలా రాలుతుంది. కాబట్టి గోడ మీదా అంచుల మీదా నీళ్ళు చిలకరించాలి. గోడ తడిగా ఉండాలి, పైన నీరు మెరుస్తూ నిలవకూడదు. ఆ మీద పలచని సిమెంటు పాలు బ్రష్షుతో పూయాలి. అవి ఆరకముందే మాలు వేయాలి.

మాలు కలపటంలో మేం పొరబడబోయాం. గట్టిగా ఉండాలని సిమెంటు ఎక్కువ వేద్దామన్నాం. తాత ఒక వంతు సిమెంటుకు 6 వంతుల జల్లెడ పట్టిన ఇసుక కలిపాడు. సిమెంటు ఎక్కువైతే ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోయి అతుకు చుట్టూ బీట వస్తుంది. అతుకు ఎప్పుడూ పాత గోడకంటే గట్టిగా ఉండకూడదట. కలిపిన మాలును గంటలోపు వాడేయాలి. బిగిసిపోతున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోసి మెత్తన చేస్తే బలం పోతుంది.

లోపలి గోడకు గిలాబు మందం సాధారణంగా 12 మిల్లీమీటర్లు. గుంట అంతకంటే లోతుగా ఉంటే రెండు పొరలుగా వేయాలి. మొదటి పొర మీద తాపీ మొనతో అడ్డదిడ్డంగా గీతలు గీసి వదిలి, మర్నాడు రెండోది వేయాలి. చివరగా రెండు వైపులా పాత గిలాబుకు ఆనేటంత పొడవైన బద్దను తీసుకుని, కింది నుంచి పైకి రంపం కోసినట్టు కదుపుతూ ఎక్కువైన మాలును తీసేయాలి. అతుకును పాత గోడ మట్టానికి ఒక మిల్లీమీటరు లోపలగా ఉంచాలి. ఆ మిల్లీమీటరు లప్పానిది.

ఇక వారం రోజులు రోజుకు రెండు మూడుసార్లు నీళ్ళు కొట్టాలి. ఆ తర్వాత నీళ్ళు ఆపి బాగా ఆరనివ్వాలి. కొత్త గిలాబులో కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం ఉంటుంది. ఆ క్షారం మీద నూనె రంగు వేస్తే రంగులోని నూనె సబ్బుగా మారి ఊడిపోతుంది. దీన్ని తాతకు వివరించబోయి, పసుపు నీళ్ళు తెచ్చి కొత్త గిలాబు మీద ఒక చుక్క వేశాను. ఎర్రబడింది. "పారాణి!" అని తాత నవ్వాడు. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అయ్యేదీ ఈ చర్య వల్లనే.

నునుపు వచ్చేది చివర

మనం మొదటే చేయబోయి చెడగొట్టుకున్న లప్పం పని చివర్లో వస్తుంది. నీళ్ళలో పొడి వేస్తూ ఉండలు కట్టకుండా కలపాలి. మొదటి పూత పలచగా లాగాలి. ఆరాక రెండో పూత మొదటిదానికి అడ్డంగా లాగాలి. అతుకు అంచు దగ్గరే ఆపకుండా జానెడు దూరం పాత గోడ మీదికి సాగదీస్తూ సన్నం చేయాలి. అప్పుడే అతుకు ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకంటే లోతైన గుంటను పూడ్చటం లప్పం పని కాదు, మాలు పని. మేకు బొక్కను కొంచెం వెడల్పు చేసి, దులిపి, తడిపి, లప్పాన్ని రెండు విడతలుగా నింపాలి, ఎందుకంటే మొదటి విడత ఆరి లోపలికి కుంగుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నిమిషాల్లో గట్టిపడుతుంది, కుంచించుకుపోదు, పొడి గోడకు చక్కనిది. కానీ అది నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది కనుక చెమ్మ గోడకు వాడరాదు.

నునుపు చూసేందుకు తాత ఒక కిటుకు చెప్పాడు. గదిలో దీపాలార్పి, టార్చిలైటును గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు పడేట్టు పట్టుకోవాలి. ఎదురు వెలుగులో దాగిన ప్రతి ఎత్తూ పల్లమూ నీడ రూపంలో బయటపడుతుంది. నీడ ఉన్నచోటే గరకు కాయితంతో తేలిగ్గా రుద్దాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవటం మరవవద్దు. ఆ తర్వాత ప్రైమరు, ఆపైన రంగు.

ఇది మా ఒక్క గది సంగతి కాదు. 1591లో కట్టిన చార్మినార్ మీద మనం చూసే పూలూ లతలూ సున్నపు పనితనమే. 2019 మే నెలలో వానల తర్వాత దాని మినారు నుంచి ఒక పెచ్చు ఊడి కిందపడింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో, 20వ శతాబ్దపు మరమ్మతుల్లో వేసిన సిమెంటు పూతలను తొలగించి సున్నంతో గిలాబు చేశారు. సున్నపు గోడ తన తడిని గాలికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ తడి లోపలే చిక్కుకుని గోడను తింటుంది. డంగుసున్నంతో కట్టిన పాత ఇళ్ళున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పాత గోడ స్వభావం తెలుసుకుని అతుకు వేయమని మా తాత చెప్పిందీ, అక్కడ నిపుణులు చేసిందీ ఒకటే.

డిసెంబరులో గది ఖాళీ చేశాం. చెమ్మ పట్టిన మేర ఖర్చు యజమాని భరించారు. 14 మేకుల బొక్కలూ, ఆ గోడ రంగూ మావి. అందుకు 2,000 పట్టుకుని 18,000 తిరిగి ఇచ్చారు. అది న్యాయమే. మా మిత్రుడు పరీక్ష ఫీజు కట్టాడు. తాతకు చివరి రోజు కూలీ ఇస్తూ, ఇంత పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "ఊడిపోయిన పనులు చూసి" అన్నాడు. సిమెంటు తిన్న ఆయన వేళ్ళ చివర్లు మా పాత గోడలాగే పగిలి ఉన్నాయి. మనం కొట్టిన పరీక్షలకు పట్టాలిస్తారు. ఆయన పనికి పరీక్ష పెట్టేది వానాకాలం, పట్టా ఇచ్చేవాడు మాత్రం లేడు.

ఆ తర్వాతి వానాకాలం, ఆగస్టులో, అటు వెళ్తూ ఆ గదికి పోయి తలుపు తట్టాను. కొత్త కుర్రాళ్ళున్నారు. విషయం చెప్పి, గోడకు అరచేయి ఆనించి చూశాను. పొడిగా ఉంది. అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు. పైన చూస్తే భారతదేశ పటం, బట్టల తాడు. అప్పటికే అయిదు మేకులు దిగాయి! మేకు బొక్కను పూడ్చే పద్ధతి వాళ్ళకు చెప్పి వచ్చాను. మట్టి సంగతి కూడా చెప్పాను. పెరట్లో మళ్ళీ ఎవరైనా మడి కడితే, ఆ పట్టీ కనపడేట్టు వదిలిపెట్టమని చెప్పండి.